సుగుణ సిస్టర్ నంబరు

తుని

నర్సీపట్నం వెళ్తున్నానని చెబితే తెనాలిలో మా పక్కింటావిడ "లంబసింగి మంచు చూడటానికా?" అని అడిగింది. కాదు, నర్సీపట్నానికే అంటే నమ్మలేదు. ఆ ఊరి మీదుగా కొండల్లోకి పోయేవాళ్లే తప్ప ఆ ఊళ్లో పనున్నవాళ్లను ఆవిడ ఎరగదు. నాకు పనుంది. చనిపోయిన ఒక నర్సు ఫోన్ నంబరును ఆసుపత్రి టెలిఫోన్లకు కలపాలి. శ్రావణ మాసపు ముసురులో వెళ్లాను. ఉన్నన్ని రోజులూ ఎండ పొడ చూడలేదు.

నా వృత్తి ఏమిటో కాస్త చెప్పాలి. చిన్న ఆఫీసులకు, స్కూళ్లకు, ఆసుపత్రులకు లోపలి టెలిఫోన్లు అమర్చి ఇస్తాను. అరచేతిలో పట్టే కంప్యూటరు ఒకటి పెట్టి, గదుల్లోని ఫోన్లన్నిటినీ దానికి కలుపుతాను. అందులో వేసే సాఫ్ట్‌వేరు ఏ ఒక్క కంపెనీ గుప్పిట్లోనూ లేదు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఎలా రాశారో చదువుకోవచ్చు, అవసరం కొద్దీ మార్చుకోవచ్చు. బయటి ప్రపంచంతో కలపడానికి ఇదివరకు ల్యాండ్‌లైన్ తీగ ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల అది లేదు. సిమ్ కార్డు పట్టే డబ్బా ఒకటి మధ్యలో పెడతాం. సిమ్‌కు వచ్చిన కాల్‌ను డబ్బా అందుకుని కంప్యూటరుకు ఇస్తుంది, కంప్యూటరు అన్ని గదుల్లో గంట మోగిస్తుంది.

ఆ డబ్బాను చీరల మధ్య చుట్టి బ్యాగులో పెట్టుకుని తునిలో దిగాను. స్టేషను బయట బండి దగ్గర ఇడ్లీ తింటే బొంబాయి చట్నీ పోశారు. మా వైపు అది పూరీలోకే. ప్లేటు ముప్పై రూపాయలు. చట్నీ చల్లారిపోయింది గానీ వానలో నిలబడి తింటుంటే బాగానే ఉంది.

కోటవురట్ల దారిలో

తాండవ నది వంతెన దాటి పాయకరావుపేటలో బస్సెక్కాను. హైవే మీద కొంతదూరం పోయి కోటవురట్ల వైపు తిరిగింది. అక్కణ్ణుంచి రెండు వైపులా చెరుకు, దాని వెనక ఊడ్పులు. ఆడవాళ్లు నెత్తిన ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని వంగి నాట్లేస్తున్నారు. బస్సు అద్దాలు మూసి ఉండటంతో లోపల ఉక్కగా, తడిబట్టల వాసనగా ఉంది.

పక్క సీట్లో యాభై ఏళ్ల ఆవిడ ఒళ్లో స్టీలు క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. కాసేపు చూసి అడిగింది.

"ఎక్కడికెల్తన్నారండి?"

మిషన్ చర్చి వాళ్ల ఆసుపత్రికి అని చెప్పాను.

"సుగుణ సిస్టరున్న ఆసుపత్రేనా?" అని, వెంటనే తనే దిద్దుకుంది. "ఉండీవారు. ఇప్పుడు నేరు కదా. మా పెద్దగుంటకి పురుడు పోసింది ఆవిడే. మీరేటి, డాక్టరమ్మా?"

"కాదండీ. అక్కడ ఫోన్లు పెట్టడానికి వచ్చాను."

"ఫోన్లు పెట్టి ఏటి సేస్తారండి, ఎత్తీ మనిసి నేనప్పుడు?"

ఎత్తిపొడుపుగా అన్న మాట కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆవిడ క్యారేజీ మూత తీసి ఉడకబెట్టిన చిలగడదుంప ఒకటి నా చేతిలో పెట్టింది. వద్దన్నా వినలేదు.

నర్సీపట్నం

ఆసుపత్రి చిన్నది. పెంకుల వరండా, నాలుగైదు గదులు, ఆవరణలోనే డాక్టరుగారి క్వార్టరు, గోడకవతల చర్చి. అక్కడి వ్యవహారాలు చూసే ప్రసాదరావుగారు నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించి సంగతంతా చెప్పారు.

సుగుణగారు పెళ్లికి ముందు నుంచీ అక్కడే నర్సు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆసుపత్రి ల్యాండ్‌లైన్ తీగ తెగిపోయింది, మళ్లీ ఎవరూ అతకలేదు. అప్పటినుంచి ఆవిడ సొంత మొబైలే ఆసుపత్రి ఫోను. గొలుగొండ అవతల కొండ కింది ఊళ్లలో ఆ నంబరు తెలియని ఇల్లు లేదు. జ్వరమొచ్చినా, పాము కరిచినా, నొప్పులొచ్చినా ఆవిడకే చేసేవారు. ఏం చెయ్యాలో ఆవిడ ఫోన్లోనే చెప్పేది, అవసరమైతే జీపు పంపించేది. ఎండాకాలం చివర్లో ఒక ఆదివారం ఆరాధన నుంచి ఇంటికొచ్చి, గుండెల్లో నొప్పిగా ఉందని పడుకుంది. మరి లేవలేదు.

"కొత్త నంబరు ఇవ్వలేకపోయారా?" అని అడిగాను.

"ఇచ్చామండీ. కాగితాలు అచ్చేసి ఊరూరా పంచాం. ప్రాణం మీదికొచ్చినప్పుడు కాగితం ఎవరెతుక్కుంటారు? గోడ మీద బొగ్గుతో రాసుకున్న నంబరే కొడతారు."

"పోనీ ఆవిడ ఫోను ఇంకో నర్సుకి ఇచ్చేస్తే?"

"మళ్లీ ఒక్క మనిషి జేబులోకే పోతుంది కదండీ. ఆ మనిషి ఇంటికెళ్తే ఫోనూ ఇంటికెళ్తుంది. అందుకే మిమ్మల్ని పిలిచింది. ఆ నంబరు మోగితే వార్డులో మోగాలి, డ్యూటీ రూములో మోగాలి, డాక్టరుగారింట్లో మోగాలి. ఎవరో ఒకరు ఎత్తాలి."

"ఇప్పుడా ఫోను ఎక్కడుంది?"

ఆయన టీ కప్పు పక్కన పెట్టారు. "ఆవిడ భర్త దగ్గర. ఇస్సాకుగారని, వెల్డింగు షాపు. మేం అడగలేకపోయామండీ. మీరు అడిగితే..."

వెల్డింగు షాపు

ఇస్సాకుగారికి అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. షాపు ముందు సగం అయిన గేటొకటి వానకు తడుస్తోంది. నేనెవరో చెబితే స్టూలు తుడిచి వేశారు. చొక్కా పైజేబులో ఫోను ఉంది, జారకుండా జేబుకు పిన్నీసు పెట్టుకున్నారు.

మాటలు మొదలుపెట్టేలోపే ఫోను మోగింది. పిన్నీసు తీసి ఎత్తారు.

"ఆఁ, సిస్టరు నంబరేనమ్మా. నేను ఆవిడ భర్తని. సిస్టరు లేరు. పోయారు. ఔనమ్మా, పోయారు. గుండెనొప్పొచ్చింది. నువ్వు ఏడవకు. పిల్లకి ఒళ్లు కాలిపోతందా? బేగి ఆసుపత్రికి తీసుకొచ్చీండి. నేను ఝాన్సీ సిస్టరుకి సెప్తాను."

అది పెట్టేసి తన రెండో ఫోను తీసి, ఆసుపత్రిలో ఇప్పుడున్న నర్సు ఝాన్సీకి చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "రోజూ ఇదేనండి" అన్నారు.

రోజూ తన భార్య చనిపోయిందని కొత్తవాళ్లకు చెబుతున్న మనిషిని సిమ్ ఇవ్వమని ఎలా అడగాలో తెలియలేదు. అయినా అడిగాను. ఆయన కోప్పడలేదు. ఒక సంగతి చెప్పారు.

సుగుణగారి జ్ఞాపకార్థ కూడిక రోజున ఇంట్లో ప్రార్థన జరుగుతోందట. పాస్టరుగారు మాట్లాడుతుంటే మోగితే బాగుండదని ఫోను సైలెంటులో పెట్టారు. రాత్రి భోజనాలయ్యాక చూస్తే ఒకే నంబరు నుంచి వరసగా కాల్స్ వచ్చి ఉన్నాయి. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఝాన్సీ చెప్పింది: పైన ఊరి నుంచి ఒక అమ్మాయిని తెచ్చారు, అప్పటికే కడుపులో బిడ్డ పోయింది.

"ఆ కాల్ ఆళ్లదేనండి. నంబరు సూసుకున్నాం. అప్పట్నుంచి నేను దీన్ని వదిలి స్నానానిక్కూడా ఎల్లలేదు." ఫోనును అరచేతిలో తిప్పి చూసుకున్నారు. "సిమ్ము తీసుకోండి. నావల్ల అవ్వట్లేదు. ఫోను మాత్రం అడక్కండి. అందులో ఆవిడ పాడిన పాటలున్నాయి."

పిన్నీసు మొనతోనే సిమ్ తీసి నా చేతిలో పెట్టారు.

ఆసుపత్రిలో ఒక సాయంత్రం

గదుల్లో ఫోన్లు పెట్టడం, తీగలు లాగడం తేలిగ్గానే అయింది. చివర్న డబ్బాలో సిమ్ వేశాను. ఎర్రదీపం వెలిగింది. పచ్చగా మారాలి, మారలేదు. యాంటెన్నా కిటికీలో పెట్టాను, డాబా మీదికి లాగాను. ఎర్రగానే ఉంది.

తప్పు నాదే. నా డబ్బా పాతకాలపుది. ఈ సిమ్ కంపెనీకి 4జి తప్ప వేరే దారి లేదు. నా డబ్బాకు ఆ దారి తెలియదు. తెనాలిలోనే ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, అడగలేదు. సిమ్ ఏదైనా మొబైల్ సిమ్మే కదా అనుకున్నాను.

ఇది తెలుసుకోవడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అప్పుడు గాని గుర్తుకు రాలేదు, సిమ్ నా దగ్గర ఉన్నంతసేపూ ఆ నంబరు చచ్చిపడి ఉందని. ఎవరు చేసినా స్విచ్చాఫ్ అని వినిపించి ఉంటుంది. గొడుగు కూడా తీసుకోకుండా షాపుకు పరిగెత్తాను.

ఇస్సాకుగారు చేతులు తుడుచుకున్నారు. సిమ్ వేసి ఫోను ఆన్ చేశారు. ఎవరెవరు చేశారో ఒక్కొక్కటిగా మెసేజీలు వచ్చాయి. ఆయన అరుగు మీద కూర్చుని వరసగా అందరికీ తిరిగి చేశారు. "ఔనండి, లేరు. పోయారండి." అందులో ఒకాయన ఊరికే బాగోగులు కనుక్కోవడానికి చేశాడట. మిగతావాళ్లకు జ్వరాలు. ప్రాణం మీది కేసు ఏదీ లేదు. అది నా అదృష్టమే గానీ నా తెలివి కాదు.

అంతా అయ్యాక ఇంకో దారి ఉందని చెప్పాను. చెవిలో పెట్టుకునే బ్లూటూత్ ఎలా ఫోనుకు కలుస్తుందో, మా కంప్యూటరూ అలాగే కలుస్తుంది. మొబైల్ తన టవరుతో తాను మాట్లాడుకుంటుంది, మాట మాత్రం మా కంప్యూటరులోకి వస్తుంది. అక్కణ్ణుంచి గదుల్లోకి వెళ్తుంది. కొత్త డబ్బా అక్కర్లేదు. కానీ ఫోను కంప్యూటరు పక్కనే ఉండాలి, పగలూ రాత్రీ చార్జింగులో.

"అంటే ఫోనే కావాలంటారు."

"ఔనండీ."

"రేపు సెప్తాను," అన్నారు.

ఆ సాయంత్రం ప్రసాదరావుగారింట్లో వంకాయ ఎండుచేపల కూర చేశారు. మా ఇంట్లో ఎండుచేప అంటే పక్క వీధి దాకా కిటికీలు మూస్తారు. ఇక్కడ వాన పడితే అదే కూర అట. రుచిగా ఉంది.

గొలుగొండ అవతల

మర్నాడు ఝాన్సీ ఊళ్లకు వెళ్తుంటే ఆమెతో జీపులో నేనూ వెళ్లాను. సిగ్నలు ఎక్కడెక్కడ అందుతుందో చూద్దామని ప్రసాదరావుగారితో చెప్పాను. నిజానికి ఇస్సాకుగారి జవాబు కోసం ఊళ్లో కూర్చుని ఉండలేకపోయాను. ఝాన్సీకి పాతికేళ్లుంటాయి, తక్కువ మాట్లాడుతుంది.

గొలుగొండ దాటాక చెరుకు తగ్గి జీడితోటలు మొదలయ్యాయి. కొండ మీద మబ్బు కిందికి దిగి చెట్ల తలల్ని మింగేసింది. ఒక ఊళ్లో జీపాపి, "ఇదే ఆ అమ్మాయి ఇల్లు" అంది ఝాన్సీ. వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది. ఆమె అప్పటికే లోపలికి పిలుస్తోంది.

అత్తగారి పేరు సన్యాసమ్మ, కోడలు లోవ. లోపలి గోడ మీద బొగ్గుతో పెద్దపెద్ద అంకెలు, పక్కన నర్సు టోపీ అనుకుని ఎవరో గీసిన బొమ్మ. సన్యాసమ్మ మాకు చోడి అంబలి పోసింది. మేం రాగులంటాం, వీళ్లు చోళ్లంటారు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకోవడం మాత్రం ఒకటే.

నేను ఫోన్ల మనిషినని ఝాన్సీ చెప్పగానే సన్యాసమ్మ గోడ వైపు చూసింది.

"పిల్ల అడ్డం తిరిగిందని సిస్టరు ముందే సెప్పినారమ్మా. బేగి ఒచ్చి ఆసుపత్రిలో సేరిపొమ్మన్నారు. ఊడ్పులు ముందెట్టుకుని నాం ఎల్లనేదు. నొప్పులొచ్చిన రోజు మావోడు ఫోను కొట్టినాడు. మోగతంది గానీ ఎత్తనేదు. సెప్పిన మాట ఇననేదని సిస్టరుకి కోపమొచ్చీసిందనుకున్నాం. మల్లీ మల్లీ కొట్టినాం. తరవాత మరి కొట్టనేదు. కోపంగున్న మనిసిని ఎన్నిసార్లని పిలుస్తాం? బండి దొరికీసరికి పొద్దుగూకిపోనాది."

"తర్వాత సిస్టరుగారి భర్త తిరిగి చేశారట కదా," అన్నాను మెల్లగా.

"అప్పటికి దార్లో ఉన్నాం. ఫోను ఇంట్లో ఒగ్గీసినాం. సిస్టరు పోనారని ఆసుపత్రిలో సెప్పినారు గానీ, ఎప్పుడో నాం అడగనేదు."

లోవ గుమ్మం పక్కన కూర్చుని ఉంది. అంతసేపూ తలెత్తలేదు. ఇప్పుడు ఎత్తి నన్నే అడిగింది.

"అయితే సిస్టరుకి నా మీద కోపం నేదా?"

"లేదమ్మా. అప్పటికే ఆవిడ లేరు."

ఆమె "పోన్లెండి," అంది. ఆ మాట అన్నందుకు సిగ్గుపడినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఏడ్చింది. ఝాన్సీ వెళ్లి పక్కన కూర్చుంది.

బయల్దేరేటప్పుడు సన్యాసమ్మ ఝాన్సీని పక్కకు పిలిచి అడిగింది, సిస్టరుని ఎక్కడ పాతిపెట్టారని, కొబ్బరికాయ కొడితే ఆ దేవుడి వాళ్లు ఏమైనా అనుకుంటారా అని. పూలు పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు అంది ఝాన్సీ.

మళ్లీ ఆసుపత్రి

ఆ ఇంట్లో విన్నది ఇస్సాకుగారికి చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను. చెబితే ఆయన మనసు మీద బరువు పెరుగుతుందేమో. చెప్పకపోతే ఆ ఇంట్లో తన మీద ఏమనుకుంటున్నారో అని ఆయన ఊహించుకుంటూనే ఉంటారు. షాపు ముందు జీపు దిగి, విన్నది విన్నట్టు చెప్పాను. సిస్టరుకే తమ మీద కోపమొచ్చిందని వాళ్లనుకున్న సంగతి కూడా.

ఆయన చేతిలోని సుత్తి కింద పెట్టారు. "సుగుణకి కోపమేటండి," అన్నారు. "ఆవిడకి కోపం రాదు. అది ఆళ్లకి తెలవదా?" ముఖం అటు తిప్పుకున్నారు. అలాగే జేబు పిన్నీసు తీసి ఫోను నాకిచ్చారు. లోపలికెళ్లి చార్జరు కూడా తెచ్చి ఇచ్చారు.

మొదట ఆవిడ పాటలన్నీ ఆయన రెండో ఫోన్లోకి ఎక్కించాను. నంబరు ఆయన పేరు మీదికి మార్చే పని ప్రసాదరావుగారు కంపెనీ షాపుకు వెళ్లి చూసుకుంటానన్నారు. తర్వాత ఫోనును కంప్యూటరుకు జత చేశాను. ఈసారి అనుకున్నట్టే కలిసింది. నా మొబైల్ నుంచి ఆ నంబరుకు చేస్తే వార్డులో, డ్యూటీ రూములో, డాక్టరుగారింట్లో ఒక్కసారే గంటలు మోగాయి. ప్రసాదరావుగారు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లకు లైను దొరకదు, ఆ ఒక్క లోటు మిగిలిందని చెప్పాను.

అసలు లోటు అది కాదని కాసేపటికే తెలిసింది. మొదటి నిజమైన కాల్ వచ్చింది. ఝాన్సీ ఎత్తింది.

"సిస్టరా?" అంది అవతలి గొంతు.

"నేను ఝాన్సీనండి, సెప్పండి."

పెట్టేశారు. మళ్లీ మోగింది. ఝాన్సీ గొంతు వినగానే మళ్లీ పెట్టేశారు. తప్పు నంబరుకు పోయిందనుకున్నారు. ఇంకొకరు చేశారు, ఆయనా అంతే. తీగలన్నీ సరిగ్గా ఉన్నాయి, టవరు అందుతోంది, గంట మోగుతోంది, ఎత్తడానికి మనిషి ఉంది. అయినా మాట కలవలేదు. బస్సులో ఆవిడ అడిగింది దీని గురించేనేమో అనిపించింది.

వరండాలో బెంచీ మీద కూర్చున్న ఇస్సాకుగారు ఇదంతా వింటూనే ఉన్నారు. వెళ్లిపోయారనుకున్నాను, వెళ్లలేదు.

"ఎత్తగానే ముందు ఒక మాట ఇనబడీలా సెయ్యొచ్చాండి, రైల్వే వాళ్లకి కొడితే ఇనబడతాది కదా, అలగ?"

చెయ్యొచ్చన్నాను.

"అయితే నేనే సెప్తాను."

మందుల గది తలుపు మూసి, మైకు ఆయన ముందు పెట్టాను. మొదటిసారి "సిస్టరు" దగ్గర ఆగి, మైకు ఆపమన్నారు. తర్వాత చాలాసార్లు ప్రయత్నించారు. రోజూ ఎందరికో చెబుతున్న మాటే. కానీ అవతల మనిషి లేకుండా, ఊరికే గాలిలోకి చెప్పాలంటే రాలేదు. చివరికి నన్ను ఎదురుగా కూర్చోమన్నారు. నా ముఖంలోకి చూసి చెప్పారు.

"మీరు కొట్టింది సుగుణ సిస్టరు నంబరే. నేను ఆవిడ భర్త ఇస్సాకుని. సిస్టరు లేరు, పోయారు. ఫోను పెట్టీకండి. లోపల నర్సమ్మ ఉన్నారు. మీ మాట ఇంటారు."

దాన్ని ముందు వినిపించి, ఆ వెంటనే గదుల్లో గంట మోగేలా అమర్చాను. చీకటి పడకముందే మళ్లీ కాల్ వచ్చింది. ఝాన్సీ ఎత్తింది. అవతల ఈసారి పెట్టేయలేదు. ముసలాయన గొంతొకటి, "పోనారా తల్లీ?" అంది. "ఔను తాతా," అంది ఝాన్సీ. ఆయన కాసేపు ఏడ్చి, తర్వాత మనవరాలికి వాంతులు తగ్గడం లేదని చెప్పాడు.

తిరుగు ప్రయాణం

మర్నాడు బస్టాండుకు ఇస్సాకుగారు వచ్చారు. పైజేబు ఖాళీగా ఉంది. చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది. పావుకిలో జీడిపప్పు పొట్లం నా బ్యాగులో కుక్కారు. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చి అడిగారు.

"నా గొంతు అందులో ఎంతకాలం ఉంటాదండి?"

"తీసేసేదాకా ఉంటుందండీ. తెనాలి నుంచే తీసేయగలను."

"ఆళ్లు ఝాన్సీకి అలవాటు పడ్డాక తీసీండి. ఆవిడ లేరని రోజూ నాచేత సెప్పించకండి."

సరేనన్నాను. తునిలో రైలు ఆలస్యంగా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద తడి బెంచీలో కూర్చుని దానికోసం చూశాను.

ఇంటికొచ్చాక వారానికోసారి ఝాన్సీతో మాట్లాడుతున్నాను. మొదట్లో సగంమంది పెట్టేసేవారట. తర్వాత తగ్గింది. ఈమధ్య ఒకావిడ ఇస్సాకుగారి మాట పూర్తయ్యేదాకా విని, "తెలుసు నాయనా, ఝాన్సమ్మకియ్యి" అని ఆ రికార్డింగుకే జవాబు చెబుతూ ఉందట, ఝాన్సీ ఎత్తేసరికి. ఆ మాట విన్న రోజే కూర్చుని రికార్డింగు తీసేశాను. పెద్ద పని కాదు, ఒక్క వరస చెరిపేయడమే.

ఇస్సాకుగారికి ఫోన్ చేసి చెప్పాను.

"తీసీసారా," అన్నారు. ఫోను పెట్టేయలేదు. వెనక ఎక్కడో ఇనుము మీద వాన పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేనూ పెట్టేయలేదు.

"అయితే ఇప్పుడు," అన్నారు చివరికి, "ఆ నంబరు కొడితే మేమిద్దరమూ లేమన్నమాట."